పెద్దనాయిన గీకిన గిటారు

మా పెద్దనాయిన పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను చౌటుప్పల్‌లో, మా మందుల కంపెనీ క్యాంటీన్‌లో, ఉప్మా ప్లేటు పట్టుకుని లైన్లో ఉన్నాను. ఫోన్ చేసింది నాయిన. "పెద్దనాయిన పోయిండు బిడ్డా. పొద్దుగాల గొర్లను తోలెటందుకు లేసిండు. మంచినీళ్లు తాగిండు. జరసేపు ఒరుగుతనని మంచంల ఒరిగిండు. గంతే," అన్నాడు. ప్లేటు ఎవరి చేతికిచ్చానో గుర్తు లేదు. మా ఊరి దారిలో చిట్యాల దాకా బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్లాను.

ఆయన నాయినకు సొంత అన్న. మా రెండిళ్లకూ ఒకటే వాకిలి. ఆయన బడికి పోలేదు, పాటలంటే పెద్ద పిచ్చీ లేదు, బతుకంతా గొర్ల వెంటే నడిచాడు. అయినా నా ఎలక్ట్రిక్ గిటారు సంగతి నాకంటే ఆయనకే బాగా తెలుసు. ఈ ముక్క ఆయన బతికుండగా ఆయన ముందు ఒప్పుకోలేదు. నోట్లో దాకా వచ్చి ఎన్నిసార్లు ఆగిపోయిందో లెక్క లేదు. ఇప్పుడు మీ ముందు ఒప్పుకుంటున్నాను.

చిన్నప్పుడు ఆయన వెంట అంగడికి పోయేదాన్ని. పొట్టేలును కొనాలంటే ముందు దూరంగా నిలబడి రంగు చూసేవాడు. తర్వాత దగ్గరికి పోయి, అది అరిచేదాకా ఊరికే కూర్చునేవాడు. చివరికి మెడ మీద అరచెయ్యి వేసి, వెన్ను దాకా మెల్లగా నిమిరేవాడు. రంగూ, గొంతూ రెండూ నచ్చినా, ఒక్కోసారి చెయ్యి పెట్టాక "ఊహూఁ" అని లేచి వచ్చేసేవాడు. అప్పటిదాకా అరగంట ఎదురుచూసిన అమ్మకందారుకు ఒళ్లు మండిపోయేది. "కండ్లకు తొందరెక్కువ బిడ్డా. చెయ్యిని అడగాలె," అనేవాడు నాతో.

నల్లగొండలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్ స్నేహితురాలి గిటారు మీద నాలుగు పాటలు నేర్చుకున్నాను. ఉద్యోగం వచ్చిన ఏడాదే ఎలక్ట్రిక్ గిటారు కొంటానని ఇంట్లో పట్టుబట్టాను. నాయినకు తీరిక లేక పెద్దనాయినను తోడు పంపాడు. హైదరాబాద్‌లో ఆ ఏసీ షాపులోకి ఆయన భుజాన గొంగడితోనే వచ్చాడు. గోడ నిండా గిటార్లు. నా కళ్లు ఒక ఎర్రదాని మీద పడ్డాయి. ఎండుమిరపకాయ ఎరుపు. ఇక మిగతావి నాకు కనబడలేదు. షాపాయన దాన్ని స్పీకరు పెట్టెకు కలిపి మోగిస్తే తలుపు అద్దాలు అదిరాయి.

"గా వైరు జర తియ్యుండ్రి సారూ," అన్నాడు పెద్దనాయిన.

"వైరు తీస్తే వినపడదు పెద్దాయనా. ఇది కరెంటు గిటారు."

"గిప్పుడు అరిసింది గా డబ్బ. గిటారు గొంతు ఎట్లున్నదో ఇనాలె గదా."

షాపాయన నవ్వుకుంటూ వైరు తీశాడు. పెద్దనాయిన చెక్కకు చెవి ఆనించి నన్ను తీగ మీటమన్నాడు. ఎర్రదాన్ని విన్నాడు. పక్కనున్న చింతగింజ రంగు దాన్ని విన్నాడు. "గిది సూడు, నువ్వు చెయ్యి తీసినంక గూడ పలుకుతనే ఉన్నది," అన్నాడు. తర్వాత నా ఎడమచెయ్యి తన చేతిలోకి తీసుకుని వేళ్లు చాపి చూశాడు. రెండు గిటార్ల మెడలూ వెనక నుంచి నిమిరాడు. "ఎర్రదాని మెడ లావు బిడ్డా. నీది చిన్న చెయ్యి. పైన గీ మెరుపు పూత ఒకటి. ఎండాకాలం చెమటకు అతుకుతది."

షాపాయన నవ్వు ఆపి, "పెద్దాయన చెప్పింది కరెక్టే మేడం," అన్నాడు. దాంతో నాకు ఇంకా తిక్క లేచింది. నాకు కోపం ముందు బస్సులో వస్తుంది, బుద్ధి వెనక బస్సులో వస్తుంది. ఎర్రదే కావాలన్నాను.

"సరె. నీ మురిపెం నీది. తెచ్చుకున్నంక మేపుకోవాలె మరి," అన్నాడు, అంతే. తిరుగు బస్సులో దాన్ని గొంగట్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఏంది, గొర్రెపిల్లనా?" అని కండక్టర్ అడిగితే, "ఆఁ, ఇంక పేరు పెట్టలె," అన్నాడు.

ఎండలు ముదిరేసరికి ఆయన చెప్పిందే అయింది. బొటనవేలు మెడకు అతుక్కునేది. చెయ్యి ఒక చోటి నుంచి ఇంకో చోటికి జారేది కాదు. పావుగంటకే మణికట్టు గుంజేది. అన్నం తింటూ ఒకరోజు అమ్మతో ఈ బాధ చెప్పుకున్నాను. పెద్దనాయిన అక్కడే ఉన్నాడు, విననట్టే మజ్జిగ పోసుకున్నాడు.

ఆ వారమే కంపెనీ వాళ్లతో నందికొండ డ్యాం చూడ్డానికి పోయి రెండు రోజులకు తిరిగొచ్చాను. మా ఇంటికి చుట్టాలు వచ్చి ఉన్నారు. వాకిట్లో పెద్దనాయిన గొంగడి పరుచుకుని కూర్చున్నాడు. ఒళ్లో నా గిటారు బోర్లా ఉంది. చేతిలో పగిలిన సీసా పెంకు. దాంతో మెడ వెనక భాగాన్ని, కొత్త కర్రను చెక్కినట్టు, పై నుంచి కిందికి గీకుతున్నాడు. గొంగడి నిండా పూత పొట్టు.

అందరి ముందే అరిచాను. "నా గిటారు ఖరాబు చేసినవ్! గిది గొర్రె అనుకున్నవా, కట్టె అనుకున్నవా? ఇంకోసారి దీన్ని ముట్టకు!"

ఆయన పెంకు పక్కన పెట్టాడు. "జర పట్టి సూడు బిడ్డా," అన్నాడు.

పట్టి చూడలేదు. గుంజుకుపోయి అటక మీద పడేశాను. అప్పటి నుంచి నా గిటారు కనబడితే పెద్దనాయిన రెండు చేతులూ వెనక్కి పెట్టుకునేవాడు. కోపంతో కాదు. ముట్టకన్నాను కాబట్టి ముట్టేవాడు కాదు, అంతే. ఆ వెనక్కి పోయిన చేతులు నాకిప్పుడు కూడా కళ్ల ముందు కదులుతాయి.

అయిదు నెలల తర్వాత, దసరాకు, కంపెనీలో ఆయుధ పూజకు వాయించమంటే అటక మీది నుంచి దించాను. మెడ చేత పట్టగానే ఏదో తేడా తెలిసింది. పూత లేదు. చెక్క ఆరిన అరచేతిలా ఉంది. దగ్గరికి తెస్తే ఆముదం వాసన. బొటనవేలు ఆనే పక్క కొంచెం చదునుగా, కొంచెం పల్చగా గీకాడు. నా వేళ్లు మొదటిసారి పూర్తిగా చుట్టుకున్నాయి. ఆ రోజు రెండు గంటలు వాయించినా మణికట్టు గుంజలేదు.

ఈ సంగతి ఆయనకు చెప్పాలి కదా. ఈ వారం చెబుదాం అనుకున్నాను, మళ్లీ వచ్చే వారం అనుకున్నాను. చుట్టాల ముందు అరిచినదాన్ని, ఏ ముఖం పెట్టుకుని చెప్పను? అట్లా మూడేళ్లు గడిచాయి.

ఒక సాయంత్రం వాన గాలికి కరెంటు పోయింది. అరుగు మీద కూర్చుని, వైరు లేకుండానే సన్నగా వాయిస్తున్నాను. గొర్లను దొడ్లో తోలి వచ్చిన పెద్దనాయిన నా ముందు నిలబడ్డాడు, చేతులు వెనక్కి పెట్టుకుని. ఆయన చూపు తీగల మీద లేదు, నా బొటనవేలి మీద ఉంది.

"జారుతాందా?" అని అడిగాడు.

"ఆఁ, జారుతాంది," అన్నాను.

తల ఊపి, కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. 'ఒకసారి చెయ్యి పెట్టి సూడు పెద్దనాయినా' అని ఒక్క మాట అని ఉంటే ఆ చేతులు ముందుకు వచ్చేవి. అనలేదు. ఇందుకు నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

ఆయన పోయిన పదకొండో రోజు చుట్టాలంతా భోజనాలు చేసి వాకిట్లో కూర్చున్నారు. "దొడ్డికాడ అన్న కట్టె ఉన్నది, లోపల పెట్టు బిడ్డా. ఎవలన్న తొక్కుతరు," అన్నాడు నాయిన. ఆయన గొర్లను తోలే కర్ర తడికకు ఆనించి ఉంది. చిన్నప్పటి నుంచి రోజూ చూసిన కర్రే గానీ ఏనాడూ పట్టుకోలేదు. పట్టుకున్నాను. నా బొటనవేలు వెతుక్కోకుండా ఒక చోటికి పోయి ఆగింది. అక్కడ కొంచెం చదును, కొంచెం పలచన. ఆముదం వాసన.

నా గిటారు మెడే అది. ఆయన చేతికి తెలిసిన ఒకే ఒక్క కొలత నాకు ఇచ్చాడు.

వాకిట్లో మాటలు వినబడుతున్నాయి. నాకు ఏడుపు ఆగలేదు. తడిక పట్టుకుని, ఎవరూ వినరనుకుని, పైకే అన్నాను.

"పట్టి సూసిన పెద్దనాయినా. మంచిగున్నది."

దొడ్లో గొర్లు మేత ఆపి, తలలెత్తి, నా చేతిలోని కర్ర వైపు చూశాయి.