లెక్కలో కలపని తాళ్వారం

మొన్న ఆదివారం మా తమిళనాడు ధర్మపురిలో క్షవరానికి కూర్చుని ఉండగా, సెలూన్ గోడమీది టీవీలో నలుగురు పెద్దమనుషులు ఒకరి మాట ఒకరికి వినబడనంత గట్టిగా వాదించుకుంటున్నారు. ఏదో పై దేశం, తీవ్రవాదులని తన సరిహద్దు బయట పట్టి ఉంచిన మనుషులను తన జైళ్లకు తేవచ్చునా, తేకూడదా అన్నది వాళ్ల తగవు. ఆ దేశంలో ఏ ఊరివాళ్లను అడిగినా మా ఊరికి వద్దంటున్నారట, పక్క ఊళ్లో పెట్టుకోమంటున్నారట. మంగలి కత్తెర ఆపి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మెడచుట్టూ గుడ్డ కట్టించుకుని కదలకుండా కూర్చున్న నాకు, ఇరవై ఏళ్ల కిందట మా వీధిలో నడిచిన వాదమే, మనుషులూ భాషా మార్చి మళ్లీ చూపిస్తున్నట్టుగా తోచింది.

నేను చదివింది ఎనిమిదో తరగతి వరకే. మారండహళ్ళి చుట్టుపక్కల సర్వేయరు వెంట గొలుసు పట్టుకుని తిరుగుతూ, ఆయన కాగితం మీద ఏం గీస్తున్నాడో పక్కనుంచి చూసి నేర్చుకున్న లెక్కలే నా లెక్కలు. బావి లోతు, గడ్డివామి కొలత, వంకరగా ఉన్న చేను ఎన్ని సెంట్లు అన్నది, ముఖ్యంగా అన్నదమ్ములు వేరుపడేటప్పుడు ఇంటి పంపకం, వీటికి నన్ను పిలిచేవాళ్లు. మా ఇళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లే గాని రాసేవాళ్లు తక్కువ. నాకు ఈ నాలుగు అక్షరాలు మా నాయన పాత పంచాంగాలు చూసి వచ్చాయి. ఒకసారి చెప్పిన కొలత రెండోసారి మార్చడని నాకు పేరుండేది. ఆ పేరంటే నాకు కొంచెం గర్వం కూడా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి.

ఆ పంపకాలలో మా వైపు ఒక కట్టడి ఉంది. ఇంటి ముందరి వసారాను, మేము తాళ్వారం అంటాం, ఎవరి వాటాలోనూ కలపరు. వచ్చిన చుట్టమూ, ఒళ్లు బాగాలేని ముసలివాళ్లూ, వానకు తడిసిన దూడా అందరూ అక్కడే గనుక, అది అందరిదీ అని వదిలేస్తారు. గదులు మాత్రం కొలిచి, ఇన్ని అడుగులు పెద్దాడికి, ఇన్ని చిన్నాడికి అని చెప్పడం నా పని. ఎన్నో ఇళ్లు అలాగే కొలిచాను. వసారా దగ్గరికి వచ్చేసరికి చేతిలో టేపు దానంతటదే చుట్టుకుపోయేది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. అప్పటికి నేను ధర్మపురికి కాపురం మార్చాను. మా వీధికి వెనకనే చిన్న సబ్ జైలు, దాని గోడకు ఇటు బస్సులు ఆగే చోటు, అటు ఆడపిల్లల బడి. తీవ్రవాదుల చట్టం కింద అయిదుగురిని పట్టుకున్నారనీ, కేసు ఇక్కడి కోర్టులోనే కాబట్టి వాళ్లను ఈ జైలులోనే ఉంచుతారనీ ఒక పొద్దున పేపర్లో వచ్చింది. పేర్లు లేవు, ఊళ్లు లేవు, అయిదుగురు అన్న అంకె మాత్రం ఉంది. ఆ పొద్దుటినుంచి మా వీధిలో వేరే మాట లేదు. వాళ్లను విడిపించడానికి వాళ్ల మనుషులు వస్తారనీ, గోడ పన్నెండు అడుగులే గనుక దూకుతారనీ, బడి మీద ఏదైనా పడితే ఎవరు జవాబు చెబుతారనీ, టీ కొట్టు దగ్గర తలా ఒకటి అనేవారు.

మా ఆవిడకు పెదనాన్న వరసైన ఒకాయన, జైలు వార్డరుగా చేసి రిటైరైనవాడు, ఒక్కడే ఎదురు చెప్పాడు. నేరం రుజువు కాని మనిషిని కోర్టున్న ఊళ్లో ఉంచడమే పద్ధతి అనీ, వక్కీలు రావాలన్నా, కన్నవాళ్లు వచ్చి మొహం చూసుకోవాలన్నా దగ్గరుండాలనీ ఆయన వాదన. తీవ్రవాదికి చుట్టాలెవరయ్యా అని ఒకరు నవ్వారు. అట్లయితే నీ తాళ్వారంలోనే పండబెట్టుకో పెద్దాయనా, పొద్దున్నే కాఫీ కూడా పొయ్యి, అని ఇంకొకరు అన్నారు. అందరితో పాటు నేనూ నవ్వాను.

కలెక్టరాఫీసుకు మను, అంటే అర్జీ, ఇవ్వాలని తీర్మానమైంది. దానికి ముందు నిలబడినాయన మా వీధిలో బియ్యం మండీ పెట్టుకున్న పెద్దమనిషి, నాకు మామ వరస. ఉత్త భయం రాస్తే ఆఫీసర్లు చదవరు, అంకెలు రాస్తే చదువుతారు అని, ఆ పని నాకు అప్పగించాడు. అంతకు ముందటి ఏడాది జైలుకు సున్నం కొట్టించిన కాంట్రాక్టరుకు లోపలి కొలతలన్నీ తీసి ఇచ్చింది నేనే, అవి నా నోటు పుస్తకంలో ఉన్నాయి. మూడు గదులు, ఒక్కొక్కటి ఇరవై అడుగులకు పదిహేను, వెరసి తొమ్మిది వందల చదరపు అడుగులు. చాప పరుచుకుని పడుకోవడానికీ, పక్కవాణ్ణి తొక్కకుండా లేచి పోవడానికీ మనిషికి ముప్పై అడుగులు తగ్గకూడదని నా లెక్క. కాబట్టి ముప్పై మంది. అప్పటికే లోపల ఇరవై ఎనిమిది మంది ఉన్నారని పెదనాన్న చెప్పగా విన్నాను. ఇద్దరికి మించి చోటు లేదు; వచ్చేది అయిదుగురు. ఇంత స్పష్టంగా వచ్చిన లెక్క నా జీవితంలో తక్కువ. తమిళంలో శుద్ధంగా రాసి, కింద గీత గీసి ఇచ్చాను. సోమవారం మను లోపలికి పోయింది.

గురువారం వెల్లిచందైనుంచి మా మేనత్త వచ్చింది. ఎనుములు మేపుకుని, రాగులు పండించుకుని బతికే ఇల్లు ఆమెది. చిన్న కొడుకు ధర్మపురి కాలేజీలో రెండేళ్లు చదివి, మానేసి, హోసూరులో కంపెనీకి పోతున్నానని చెప్పి వెళ్లాడు. నాకంటే పన్నెండేళ్లు చిన్న. నా టేపు కొస పట్టుకుని చేలగట్ల మీద ఎంత దూరమైనా నడిచినవాడు. అత్త గుమ్మంలోనే కూర్చుంది, నీళ్లు ఇచ్చినా తాగలేదు. ఆ అయిదుగురిలో తన కొడుకు ఒకడని, ముందురోజు పోలీసులు ఇంటికి వచ్చిపోయాక తెలిసిందట.

"వాడేం చేసినాడో నాకు తెలీదు సామీ. చేసింటే సర్కారు చూసుకుంటుంది. ఇక్కడే పెట్టమని ఒక కాగితం రాసియ్యి. నువ్వు రాస్తే ఆఫీసర్లు చదువుతారంట. గంట బస్సు, వారానికొకసారైనా వచ్చి చూసిపోతాను" అంది.

ఆమెకు ఏమని చెప్పానో సరిగా గుర్తులేదు, చూస్తానని అన్నట్టున్నాను. ఆమె పోయిన తర్వాత నోటు పుస్తకం తీశాను. మూడు గదుల కొలతల కింద, నా చేతిరాతతోనే, వసారా అరవై అడుగులకు ఆరు అని ఉంది. మూడు గదులకూ ముందు భాగాన, ఇనుప కమ్మీలు కట్టి, పైన పెంకు వేసి, వార్డర్లు తాళం వేసుకునే వసారా అది. ఎండాకాలం ఖైదీలు అక్కడే పడుకుంటారని సున్నం పనిలో నేను కళ్లారా చూశాను. మూడు వందల అరవై చదరపు అడుగులు, పన్నెండు మందికి చోటు. వెరసి నలభై రెండు మంది. దాన్ని నేను కావాలని వదల్లేదు. అన్నదమ్ముల ఇల్లు కొలిచిన అలవాటుతో, వసారా అని కనబడగానే కన్ను దాటిపోయింది.

మర్నాడు మండీకి వెళ్లి, లెక్కలో ఒకటి తప్పిపోయింది, ఇంకో కాగితం ఇవ్వాలి అని మామకు చెప్పాను. ఆయనకు అప్పటికే సంగతి తెలుసు. వెల్లిచందై బస్సు తెచ్చిన మాట మా వీధికి రావడానికి ఎంత సేపు పడుతుంది. బియ్యం చేతిలోకి తీసుకుని చూస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"ఏమప్పా, మీ మనిషని తెలిసేసరికి అడుగులు పెరిగినాయా?"

అక్కడున్న ఇద్దరు ముగ్గురు నావైపు చూశారు. ఒకసారి చెప్పిన కొలత మార్చడన్న నా పేరు ఆ చూపులో ఉంది. చెప్పవలసింది ఒక్క మాట, వచ్చి వసారా చూడండి అని. ఆ మాట నా నోట రాలేదు. ఇంటికి వచ్చి, రేపు రాద్దాం, ఎల్లుండి రాద్దాం అనుకుంటూ నాలుగు రోజులు గడిపాను. అయిదో రోజు పేపర్లో, చోటు చాలనందువల్ల అయిదుగురినీ సముద్రం వైపు జిల్లాలోని పెద్ద జైలుకు పంపారని వచ్చింది. వాళ్ల వెనకే కేసూ అక్కడికి పోయింది. నా కాగితం వల్లనే పంపారని నేను అనలేను, ఆఫీసర్లకు వాళ్ల కారణాలు ఎన్నో ఉంటాయి. కాని పేపర్లో వచ్చిన మాట నా మాటే. వీధిలో మిఠాయి పంచారు. మా ఇంటికీ ఇచ్చిపోయారు.

ఆ మేనత్త కొడుకు అక్కడ రెండేళ్ల నాలుగు నెలలు ఉన్నాడు. అత్త పదిహేడు సార్లు వెళ్లింది. వెల్లిచందైలో తెల్లవారుజామున బస్సెక్కి, ధర్మపురిలో మారి, సేలంలో మారి, పోవడానికి ఏడున్నర గంటలు, రావడానికి ఏడున్నర గంటలు. కొడుకును చూడనిచ్చేది ఇరవై నిమిషాలు, మధ్యలో వల. ఒక్క నిమిషం చూడడానికి నలభై అయిదు నిమిషాల ప్రయాణమని, అడగని లెక్క ఒకటి నా బుర్ర తనంతట తానే వేసింది. నేను ఒక్కసారే ఆమె వెంట వెళ్లాను. రాగి ముద్ద లోపలికి పోనివ్వలేదు. వల అవతల వాడు బాగా చిక్కిపోయి ఉన్నాడు. తల్లిని ఎనుముల సంగతి అడిగాడు, నన్ను చూసి, టేపు కొస ఇప్పుడెవరు పట్టుకుంటున్నారు బావా అని నవ్వాడు.

వచ్చేటప్పుడు సేలం బస్టాండులో, వాపెక్కిన కాళ్లు మూట మీద పెట్టుకుని అత్త కూర్చుంది. వచ్చే బస్సుల బోర్డులు ఆమెకు చదవరాదు, నేను చదివి చెబుతున్నాను. ఉన్నట్టుండి అంది.

"ఆ మను రాసింది నువ్వేనని నాకు అప్పుడే తెలిసింది సామీ. నువ్వు మనసులో పెట్టుకోవద్దు. నీ లెక్క తప్పుండదు. తావు లేదంటే లేదు, నువ్వేం చేస్తావు."

అప్పుడైనా చెప్పవలసింది. ధర్మపురి బస్సు వచ్చింది, మూట నేను ఎత్తుకున్నాను, ఆమెకు కిటికీ పక్కన చోటు చూశాను. ఆ తర్వాత ఆమె ఇంకా మూడు సార్లు వెళ్లింది. తరువాతి ఏడాది ఆడి మాసంలో, అంటే ఆషాఢం రోజుల్లో, తీర్థమలైకి మొక్కు తీర్చడానికి పోవాలనుకుంటూనే, తన ఇంటి తాళ్వారంలో మంచం మీద కన్నుమూసింది. కొడుకును పోలీసు కాపలాతో తెచ్చి, చూపించి తీసుకుపోయారు. మరో అయిదు నెలలకు నేరం రుజువు కాలేదని కోర్టు విడిచిపెట్టింది. వాడిప్పుడు ఎనుములు చూసుకుంటున్నాడు. మాట తక్కువ. నన్ను చూస్తే బావా అనే పిలుస్తాడు.

ఆ జైలు ఊరి బయటికి పోయి చాలా ఏళ్లైంది; ఆ స్థలంలో ఇప్పుడు బండ్లు నిలుపుకుంటారు. మా వీధి మామా లేడు, పెదనాన్నా లేడు. మా కాలంవాళ్లకు తెలుసు, అప్పుడు ఇల్లంటే ముందు తాళ్వారం. ఇప్పటి ఇళ్లకు అది లేదు. ఉన్నా, గీటంత అరుగును కూడా చదరపు అడుగుల్లో కలిపే చెబుతారు, ఏదీ వదలరు. గోడమీద ఎర్ర చుక్క వేసి దూరం చెప్పే పరికరం నా దగ్గరా ఉంది, కొస పట్టుకోవడానికి మనిషి అక్కరలేదు.

సెలూన్ టీవీలో ఆ నలుగురిలో చివరి పెద్దమనిషి, అక్కడి జైళ్లలో గదులెన్నో మంచాలెన్నో వరసగా అంకెలు చెబుతున్నాడు. అంకెలు సరిగానే ఉండి ఉంటాయి. నావీ సరిగానే ఉండేవి. క్షవరం ముగిసి బయటికి వచ్చి, బండ్ల మధ్య ఆ వసారా ఉండిన చోట కాసేపు నిలబడ్డాను. నలభై రెండులో ఇరవై ఎనిమిదీ అయిదూ పోతే, అత్త కొడుకు పడుకున్న తర్వాత కూడా ఇంకా తొమ్మిది మందికి చోటుండేది.