వదులు బోల్టు

పింగాణీ కార్ఖానాలో పొడి జల్లించే యంత్రం అన్న నడిపేవాడు. పక్కనే సంచులు కుట్టే పని తమ్ముడిది. జల్లెడ మూత బిగించేటప్పుడు అన్న బద్ధకించి ఒక బోల్టు వదులుగా ఉంచేసేవాడు. ఆ సందులోంచి లేచిన దుమ్మంతా తమ్ముడి ముఖాన పడేది. చివరికి తమ్ముడికి దగ్గు పట్టుకుంది. ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరిందన్నాడు డాక్టరు.

“నా ఒంటితత్వమే అంతలే అన్నయ్యా,” అన్నాడు తమ్ముడు.

అన్న మనసు చివుక్కుమంది. “నీ ఒళ్లు కాదురా, నా బద్ధకం. మూత సరిగ్గా బిగించలేదు,” అని చెప్పేశాడు.

“ఒక్క బోల్టు తిప్పడానికి చేతులు రాలేదా?” అన్నాడు తమ్ముడు.

మర్నాడే అన్న మేనేజరును బతిమాలి తమ్ముణ్ణి ఆరుబయట పనికి మార్పించాడు. దగ్గు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఇంట్లో తమ్ముడు గొంతు సవరించుకుంటే చాలు, అన్నకు ముద్ద దిగదు.