చెట్టు కింద ఆమెన్

ఆ రోజుల్లో నా నోరు, నా మనసు ఒకటే అనుకునేవాణ్ణి. ఆ రెంటికీ పరిచయమే లేదని తర్వాత తెలిసింది. ఇరవయ్యేళ్ళ వయసు. సరూర్‌నగర్‌లో మా సంఘంలో పెద్ద గొంతు నాదే. పాస్టరుగారు ప్రార్థన మధ్యలో ఊపిరి తీసుకుంటే చాలు, నా ‘ఆమెన్’ వెనక గోడకు తగిలి వచ్చేది. సండే స్కూల్లో అబ్బిన అలవాటు (అక్కడ గట్టిగా అన్నవాడికి బిస్కెట్టు ఇచ్చేవారు). అన్నం పెట్టనా అని అమ్మ అడిగినా అదే జవాబు. అదంతా భక్తేనని నేను మనస్ఫూర్తిగా నమ్మాను.

నా డిగ్రీ రెండు సబ్జెక్టుల దగ్గర ఆగిపోయింది. నా ఈడువాళ్ళు చైతన్యపురి కోచింగ్ సెంటర్లలో బ్యాంకు పరీక్షలకు చదువుతుంటే, నేను ఎల్బీ నగర్ దగ్గర చెట్ల పని నేర్పే శిక్షణలో చేరాను. కరెంటు తీగల మీదికి వాలిన కొమ్మలు కోయడం, ఎండినవాటిని దించడం, నాటిన మొక్కల్ని నిలబెట్టడం నేర్పుతారు. పాసైతే ఉద్యోగం ఖాయం. అమ్మ అప్పటికే సంఘంలో ప్రార్థన పెట్టించి, దేవుడు చేసిన మేలుకు నేను ఏ ఆదివారం అందరి ముందు సాక్ష్యం చెబుతానో కూడా అందరికీ చెప్పేసింది. ఇక నేను పాసవడం ఒక్కటే మిగిలింది. ద్రాక్షతీగను కత్తిరించడం గురించి చిన్నప్పటి నుంచి బైబిలు వాక్యంలో వింటున్నవాణ్ణి, ఈ పని సగం వచ్చేసినట్టేనని ధీమా. (ఆ ఉపమానంలో హెల్మెట్ ప్రస్తావన లేదని మొదటి వారంలోనే తెలిసింది.)

మాకు నేర్పిన సార్ సైదాబాద్ మనిషి, తక్కువ మాట్లాడేవాడు. ఆయన దగ్గర ఒక్కటే కట్టుబాటు. ఇద్దరిద్దరుగా పని: ఒకడు రంపంతో పైన, ఒకడు కింద. కోసే ముందు పైవాడు “కింద ఖాళీయేనా?” అని అరవాలి. కిందవాడు చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, కళ్ళతో చూసి, ‘ఖాళీ’ అనో ‘ఆగు’ అనో చెప్పాలి. మూడో మాట పనికిరాదు. పైనున్నవాడికి ఆకులు తప్ప ఏమీ కనబడవు, కిందవాడి మాటే వాడికి కళ్ళు.

నా జోడీ రాజమండ్రి వైపు నుంచి వచ్చిన కుర్రాడు. అందరం ‘గోదారి’ అనేవాళ్ళం. శిక్షణ చివరి వారంలో ఒక కాలనీ పార్కులో తురాయి చెట్టు మాకిచ్చారు. ఎవరూ రాకుండా చుట్టూ తాడు కట్టి, గోదారి పైకెక్కాడు. నేను కింద నిలబడి ఆదివారం చెప్పబోయే సాక్ష్యాన్ని మనసులో దిద్దుకుంటున్నాను. సరిగ్గా దేవునికి స్తోత్రం చెప్పే చోటికి వచ్చేసరికి పైనుంచి “కింద ఖాళీయేనా?” అని వినిపించింది. నా నోరు తన పని తాను చేసింది. “ఆమెన్!”

కొమ్మ పడింది. రోజూ పూజకు పూలు కోసుకునే ఒక అవ్వ, తాడు కిందుగా దూరి ఆ పక్కనే ఉన్న గన్నేరు పొద దగ్గర ఉందని అప్పుడు చూశాను. ఆమెకు దెబ్బ తగల్లేదు. పూలబుట్ట మాత్రం కొమ్మ కింద అప్పడమైంది.

సార్ పరుగున వచ్చాడు. గోదారి పైనుంచే మొత్తుకున్నాడు, తన తప్పేం లేదని, నెల రోజులుగా తను టీ తాగుదామన్నా నేను ఆమెనే అంటున్నానని, అందుకే సరేననుకుని తను కోసేశానని. అవ్వ నా వైపు తిరిగింది.

“ఏమన్నవ్ బిడ్డా నువ్వు?”

“ఆమెన్ అన్నానమ్మా.”

“అంటే ఏంది?”

సండే స్కూలు పిల్లలకు నేనే నేర్పే అర్థం. ఊరుకోకుండా చెప్పేశాను: “అలాగే జరుగును గాక అని.”

అవ్వ నా దగ్గరికొచ్చింది. “నా నెత్తి మీద కొమ్మ పడంగ అట్లనే కానియ్ అన్నవా? నేనేం జేసిన్రా నీకు?”

ఎవరూ నవ్వలేదు. (ఇప్పుడు మీరు నవ్వుతున్నారని నాకు తెలుసు.) సార్ నన్ను తిట్టనైనా లేదు. “రేపు పొద్దుగాల రా. నేను ఎక్కుత, నువ్వు కింద ఉండు. నీ మాట మీదనే కోస్త. గప్పుడు జూద్దాం, పాసో, ఇంటికో,” అన్నాడు.

మర్నాడు ఆయన అన్నట్టే ఎక్కాడు. అవ్వ తాడుకు అవతల కొత్త బుట్టతో నిలబడి ఉంది. “కింద ఖాళీయేనా?” అన్న పిలుపు వచ్చింది. ఒక చుట్టు తిరిగాను. నమ్మకం కుదరక రెండో చుట్టు మొదలుపెట్టాను. “ఏందిరా, ప్రదక్షిణలు జేస్తున్నవా?” అని పైనుంచి సార్. “చెయ్యనియ్యి సారూ, తొందరేముంది,” అని అవ్వ. ఆ రెండో చుట్టులో పొద వెనక నిద్రపోతున్న కుక్క కనబడింది. “ఆగు” అన్నాను. దాన్ని తోలి, మళ్ళీ చూసి, అప్పుడు “ఖాళీ” అన్నాను. నా గొంతు అంత చిన్నగా పలకడం నేనే ఎప్పుడూ వినలేదు. కొమ్మ నేల మీద పడింది. సార్ దిగి వచ్చి, తన నడుముకున్న చెట్టెక్కే బెల్టు విప్పి నా చేతికిచ్చి, “ఎక్కు,” అన్నాడు.

ఆదివారం సాక్ష్యం చెప్పాను. అందులో అవ్వ సంగతి లేదు (దేవుడికి తెలుసు, సంఘానికి దేనికి అనుకున్నాను). సార్ నన్ను క్షమించాడని మాత్రమే అప్పుడు అర్థమైంది. ఇప్పుడు పైన ఉండేది నేను, కింద కొత్తగా చేరినవాళ్ళు. ‘ఖాళీయేనా’ అని అరిచాక జవాబు వచ్చేదాకా ఆ కాసేపూ ఆకుల మధ్య రంపం పట్టుకుని కూర్చుంటాను. ముందురోజు ఒక మనిషిని చంపబోయిన నోటి మాటను నమ్మి, మర్నాడే సార్ ఇలా కూర్చున్నాడు. విశ్వాసం మీద నేను చేసిన ప్రసంగాలన్నీ గుర్తొచ్చి, ఎవరూ చూడని ఆ ఎత్తులో కాస్త సిగ్గుపడి నవ్వుకుంటాను. ఈలోగా కింద నుంచి జవాబు వస్తుంది.