విన్నాకే ఓటు: సరితక్క రూలు ఎందుకు తీశారన్నా?

నిన్న పొద్దున పసుపు ఉడకబెడుతుంటే ఫోన్ మోగింది.
సిరిసిల్ల సరితక్క ఇక లేదన్నారు. గుండెనొప్పి అట. దవాఖానకు తీసుకుపోయేలోపే...

నమ్మలేదు. మొన్ననే మాట్లాడింది కదా!

నేను పోస్టులు పెట్టేదాన్ని కాదు. లైక్ కొట్టాలన్నా భయమే. చదువుకున్నది కూడా తక్కువే, ఇది కూడా ఫోన్‌కు చెప్పి రాయిస్తున్నా.
కానీ ఈ రోజు కోపం ఆగడం లేదు.

అక్క ఎవరో తెలియనివాళ్లకు చెప్తున్నా. గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్ల కోసం మన దగ్గర ఒక యాప్ ఉంది. కష్టం చెప్పుకుంటే తెలిసినవాళ్లు దారి చెప్తారు. అందులో ఏ కామెంట్ పైకి రావాలి, ఏది కిందికి పోవాలి, ఏది తీసేయాలి, ఆ పద్ధతంతా తయారు చేసింది అక్కే. ఇంట్లో సాంచాలు బట్ట నేస్తూ చప్పుడు చేస్తుంటే, ఆ పక్కనే కూర్చుని.

మస్కట్‌లో కంపెనీవాళ్లు మా ఆయన పాస్‌పోర్ట్ గుంజుకున్నారు. నాకు రాయడం సరిగ్గా రాదని యాప్‌లో వాయిస్ పెట్టాను. మధ్యలో ఏడ్చాను కూడా.
ఏజెంట్ పేరు చెప్పానని అతని మనుషులు వరసపెట్టి డౌన్ ఓటు కొట్టారు. నా వాయిస్ ఎవరికీ కనపడకుండా పోయింది.

అప్పుడే అక్క ఫోన్ చేసింది.

"పిల్లా, నీ మాట మంచిగ లేదని కొట్టలే వాళ్లు. అసలు ఇననే ఇనలే. ఇనకుంట ఎట్ల కొడ్తరు?"
"పోనియ్ అక్కా, తీసేస్త."
"నువ్వు తీసుడేంది? నేను ఆ బటనే మూస్త!"

మూసింది. వాయిస్ చివరిదాకా విన్నవాళ్లకే ఓటు బటన్ తెరుచుకునేటట్టు చేసింది. డౌన్ ఓటు కొడితే ఎందుకో కూడా చెప్పాలి.
వినకుండా కొట్టిన ఓట్లు పోయి నా వాయిస్ మళ్లీ పైకి వచ్చింది. గొల్లపల్లి నుంచి ఒక అన్న అంతా విని, ఎంబసీలో ఎవరిని కలవాలో చెప్పాడు. మా ఆయన ఇల్లు చేరాడు.

తన మీద వచ్చిన కామెంట్‌ను మాత్రం అక్క ముట్టుకునేది కాదు. "మొగోళ్ల పంచాయితీల నీకేం పని, పోయి బీడీలు సుట్టుకో" అని ఒకడు రాశాడు. తీసేయమన్నాను.
"నా మీది పంచాయితీకి నేనే పెద్దమనిషినా? వేరేటోళ్లు సూస్తరు తియ్" అని నవ్వింది. "అయినా బీడీలు సుట్టుడు గూడ వచ్చు నాకు. గాయన్నకు రాదు."

అట్లాంటి మనిషి.

యాప్ నడిపే కోరుట్ల అన్న నిన్న సాయంత్రం ఆమె ఫొటోకు దండ వేసి "గొప్ప సోదరి" అని పెట్టాడు. బోలెడు హార్టులు.
ఆ వెంటనే అక్క రూలు తీసేశాడు! "జనాలకు ఇబ్బంది అయితుంది, సింపుల్ చేసినం" అట.

ఎవరికన్నా ఇబ్బంది? ఏజెంట్లకా?

ఈ పొద్దున ఇబ్రహీంపట్నం చెల్లె ఒకామె వాయిస్ పెట్టింది. దుబాయ్‌లో ఆమె భర్త జబ్బుతో రూములో పడి ఉన్నాడు. కంపెనీ ఇంటికి పంపడం లేదు. చాయ తాగేలోపు డౌన్ ఓట్లు కొట్టి ఆమెను కిందికి తోసేశారు.
ఆయనకేమైనా అయితే ఆ ఫొటోకు కూడా దండ వేస్తారా?

అన్నా, మీ దండ మాకు వద్దు. రూలు తిరిగి పెట్టండి.
పెట్టకపోతే రేపు ఆ చెల్లెను తీసుకుని కోరుట్లలో మీ ఇంటికే వస్తాను. మీ వాకిట్లో కూర్చుని ఆమె చెప్తుంది, మీరు వింటారు. అక్కడ కిందికి తోయడానికి బటన్ ఉండదు.

సరితక్కా, పోయిరా.
ఈ పంచాయితీ మేము చూసుకుంటాం. నువ్వు నిమ్మళంగా ఉండు.