బెల్టు మీద చెయ్యి

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదట్నుంచీ చిరాకే. నేవీలో హెలికాప్టర్ సిబ్బందిగా పనిచేసినవాణ్ణి. చీకట్లో, సముద్రం మీద, తుఫాను అంచున తిరిగాను. ఎక్కడా ఏ దయ్యమూ కనపడలేదు. అందుకే ఇది చెప్పడానికి ఇన్నాళ్లూ వెనకాడాను. నమ్మమని ఎవర్నీ అడగను. జరిగింది జరిగినట్టు చెప్తాను.

హెలికాప్టర్ సముద్రంలో పడితే వెంటనే తలకిందులవుతుంది. ఇంజిను పైన ఉంటుంది కదా, బరువంతా అక్కడే. అందులోంచి బయటపడటం నేర్పడానికి ఒక శిక్షణ ఉంది. హెలికాప్టర్‌లాంటి ఇనప డబ్బాలో మమ్మల్ని కూర్చోబెట్టి, బెల్టులు బిగించి, లోతైన నీళ్ల ట్యాంకులోకి దించి తిప్పేస్తారు. చివర్లో కళ్లకి గంతలు కట్టి తిప్పుతారు. కొన్నేళ్లకొకసారి అందరూ ఈ పరీక్ష దాటాలి. లేకపోతే ఎగరనివ్వరు.

అక్కడ సూత్రం ఒకటే. ఒక చేత్తో కిటికీ అంచు పట్టుకోవాలి. డబ్బా తిరగడం ఆగేదాకా కదలకూడదు. ఆ తర్వాతే రెండో చేత్తో బెల్టు విప్పాలి. ముందే విప్పితే తేలిపోతాం. పైనేదో కిందేదో తెలీదు, కిటికీ ఎటుందో అంతకన్నా తెలీదు.

చిత్రమేమిటంటే ఇందులో తప్పేది ఈత రానివాళ్లు కాదు, బాగా వచ్చినవాళ్లే. నేను గోదావరి కాలవల్లో పెరిగాను. నీళ్లు తగలగానే నా ఒళ్లు ఈదడానికి సిద్ధమైపోయేది, చెయ్యి బెల్టు మీదికి వెళ్లిపోయేది. గంతలు కట్టినప్పుడు రెండుసార్లు అలాగే తప్పాను. డైవర్లు పైకి లాగారు. ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అదీ పోతే నా ఎగరడం శాశ్వతంగా బంద్, నేల మీద స్టోర్సులో పని.

సెలవు పెట్టి అమీర్‌పేటలో అక్కావాళ్లింటికి వచ్చాను. ఊళ్లోవాళ్లంతా కంప్యూటర్ నేర్చుకోడానికి అమీర్‌పేట వస్తున్న రోజులవి. అక్క అక్కడే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేది. బావ ఆఫీసు పంజాగుట్టలో. ఇద్దరూ వెళ్లాక ఇంట్లో నేనొక్కణ్ణే.

వీధివైపు గదిలో కిటికీ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నాను. బావ పాత తోలు బెల్టుతో నన్ను కుర్చీకి కట్టుకుని, కళ్లకి తువ్వాలు చుట్టుకున్నాను. కింద ఆటోల హారన్లు, జావా, ఒరాకిల్ అని కరపత్రాలు పంచేవాళ్ల కేకలు. ఆ గోల కావాలనే ఆ గది ఎంచుకున్నాను. గోలలో నిదానంగా ఉండగలిగితే నీళ్లలోనూ ఉండగలనని నా లెక్క. ఊపిరి బిగించి, ఎడమచెయ్యి కిటికీకి, ఆగి, అప్పుడు కుడిచెయ్యి బెల్టుకి. రోజంతా అదే పని. అయినా నా కుడిచెయ్యి ముందే పరిగెత్తేది. నా చెయ్యి మీద నాకే అసహ్యం వేసేది.

ఒకరోజు మధ్యాహ్నం అలాగే కుడిచెయ్యి బెల్టు మీదికి వెళ్లింది. దాని మీద ఇంకో చెయ్యి పడింది.

గట్టిగా ఉంది, తడిగా ఉంది. నొక్కి పట్టి ఆపింది. నా ఎడమచెయ్యి వెతుక్కుని వెతుక్కుని కిటికీ అంచు పట్టుకునేదాకా వదల్లేదు. తర్వాత మెల్లగా తీసేసింది. అక్క తొందరగా వచ్చి ఆటపట్టిస్తోందనుకుని నవ్వుతూ తువ్వాలు తీశాను. గదిలో ఎవరూ లేరు. తలుపుకి నేను లోపల్నుంచి పెట్టిన గడియ పెట్టినట్టే ఉంది.

చెమట అయ్యుంటుందని సరిపెట్టుకున్నాను. సాయంత్రం అక్క బెల్టు తీసి చూసి, "ఏంట్రా, తోలు బెల్టు ఇలా నానబెట్టావు? మీ బావ చూస్తే ఊరుకుంటారా?" అంది. బకిల్ దగ్గర నాలుగు వేళ్ల మేర తడి. మిగతా బెల్టంతా పొడిగానే ఉంది.

కింద ఉండే ఇంటి ఓనర్‌ని మాటల్లో పెట్టి అడిగాను, ఆ గదిలో ఇంతకుముందు ఏమైనా జరిగిందా అని. ఆయనకి కోపం వచ్చింది. అది తను కట్టించిన కొత్త ఇల్లనీ, చావు మాట అటుంచి ఒక్క గోడకి చెమ్మ కూడా లేదనీ చెప్పి పంపేశాడు.

భయపడ్డాను. కాదనను. కానీ పరీక్ష దగ్గరపడుతోంది. మర్నాడు మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నాను. ఆ చెయ్యి మళ్లీ రాలేదు. నా చెయ్యి మాత్రం ఆగడం నేర్చుకుంది.

పరీక్ష రోజు ట్యాంకు దగ్గర నా పక్క సీటు సలీంది. బోరబండవాడు, నాలాగే తప్పి వచ్చినవాడు, నాలాగే చివరి అవకాశం. ఇద్దరి మధ్యా మనిషి నడిచేంత దారి ఉంది. గంతలతో రెండు మునకలు దాటాలి. మొదటిదాంట్లో నీళ్లు ముక్కులోకి వచ్చాయి, డబ్బా తిరిగింది. నిజం చెప్పాలంటే ఆ చెయ్యి కోసం ఎదురుచూశాను. రాలేదు. కిటికీ పట్టాను, ఆగాను, విప్పుకుని బయటపడ్డాను.

సలీం కూడా బయటికి వచ్చాడు. గట్టు మీద వణుకుతూ నా పక్కన కూర్చున్నాడు.

"అన్నా, లోపట నా చెయ్యి వట్టి ఆపింది నువ్వే గదా? లేకుంటే గప్పుడే బెల్టు ఇప్పుకునేటోన్ని."

నా భుజాలకి పట్టీలు బిగించి ఉన్నాయి, నా చెయ్యి అతని దాకా అందే ప్రశ్నే లేదు. లోపల కాపలా ఉన్న డైవర్ కూడా, ఎవరి సీట్లో వాళ్లు బొమ్మల్లా కూర్చున్నారని మమ్మల్ని మెచ్చుకుని అప్పుడే వెళ్లాడు. అమీర్‌పేట గది సంగతి నేను సలీంకి చెప్పనేలేదు.

రెండో మునకకి పిలుస్తున్నారు. అతని మొహం చూశాను. ఇప్పుడు నిజం చెప్తే మనిషి నీళ్లలోకి దిగడు.

"నేనే. మళ్లీ పక్కనే ఉంటాను. నువ్వు కిటికీ వదలకు" అన్నాను.

ఇద్దరం పాసయ్యాం.

కొన్నేళ్లకి నేను నేవీ నుంచి బయటికొచ్చి పంజాగుట్టలో ఉద్యోగంలో చేరాను. సలీం సెలవులో వచ్చినప్పుడు భార్యని తీసుకుని నన్ను చూడ్డానికి వచ్చాడు. ఇరానీ హోటల్లో కూర్చున్నాం. ఆమె చాయ్ ముట్టుకోలేదు. అతనికి మళ్లీ ట్యాంకు పరీక్ష వచ్చింది.

"గీసారి మీరు పక్కన ఉండరు గద భాయ్. ఎట్ల మరి?" అంది.

అప్పుడైనా చెప్పేద్దామనుకున్నాను. చెప్పలేకపోయాను.

"నేను లేకపోయినా చెయ్యి ఉంటుందమ్మా" అన్నాను.

సలీం తలెత్తి నా వంక చూశాడు. ఆమె చాయ్ కప్పు అందుకుంది.

తర్వాత పాసయ్యానని ఫోన్ చేశాడు. లోపల ఏం జరిగిందో అతను చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆమెకి అంత ధైర్యంగా ఎవరి చెయ్యి ఉంటుందని హామీ ఇచ్చానో నాకు ఈ రోజుకీ తెలీదు.