వాసన పోయిన ముక్కు

ఆ హోటల్లో ఆయన్ని అందరూ ముక్కు బాబాయ్ అనేవాళ్ళు. ఇరవై ఏళ్ళుగా అక్కడ వడ్డన పని. సీసా మూత తీసి ఒక్కసారి వాసన చూశాడంటే చాలు, లోపలిది మంచిదో పాడైందో చెప్పేసేవాడు. ఓనరు కూడా ఆయన మాటకి ఎదురు చెప్పేవాడు కాదు.

కిందటేడు జ్వరం తగ్గాక ఆ ముక్కుకి వాసన తెలియడం మానేసింది. సబ్బైనా ఒకటే, మాడిన పాలైనా ఒకటే. ఆ సంగతి కట్టుకున్న భార్యకి కూడా చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, సీసా మీద రాసింది చదివి, మూత ముక్కు దగ్గర పెట్టుకుని తలాడిస్తూ ఏడాది నెట్టుకొచ్చాడు.

ఒక మధ్యాహ్నం ఒక దర్జీ, ఆయన భార్య వచ్చారు. ఆవిడ ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికి, ముందురోజే రిటైరైందట. ఇద్దరూ వైన్ మొహం ఎరగరు. ఇవాళైనా రుచి చూద్దామని వచ్చారు. బాబాయ్ ఎర్ర వైన్ సీసా తెచ్చి, మూత తీసి, ఎప్పటిలాగే వాసన చూసి, దివ్యంగా ఉందన్నాడు.

ఆవిడ ఒక గుక్క తాగి ఆగిపోయింది. "పుల్లగా ఉంది బాబూ, గొంతు పట్టేస్తోంది. పాడైపోలేదు కదా?"

పక్క బల్లవాళ్ళు ఇటే చూస్తున్నారు.

"అలవాటు లేనివాళ్ళకి అలాగే ఉంటుందమ్మా," అన్నాడు.

ఆవిడ మొహం కందిపోయింది. తెలియక అన్నాను, ఏమీ అనుకోవద్దంది. పరువు తీశావన్నట్టు భర్త ఆవిడని మోచేత్తో పొడిచాడు. ఇద్దరూ కషాయం మింగినట్టు గ్లాసులు ఖాళీ చేశారు.

బాబాయ్ మిగిలిన సీసా వంటగదిలోకి తీసుకెళ్ళి వంటావిడకిచ్చి చూడమన్నాడు. ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే దించేసింది. అది వైన్ కాదు, వెనిగరంది. "పోనీలే, వాళ్ళకేం తెలుస్తుంది," అని కూడా అంది.

ఆ మాటకి ఆయనకి తల కొట్టేసినట్టయింది. వాళ్ళు వెళ్ళిపోయేదాకా అక్కడే నక్కి ఉందామనుకున్నాడు. కానీ బయటికొచ్చాడు.

"అమ్మా, మీరన్నదే నిజం. అది పాడైన సీసా. నాకు ఏడాదిగా వాసన తెలియదు. అది దాచుకోడానికి మిమ్మల్ని తెలివితక్కువవాళ్ళని చేశాను."

ఆవిడ భర్త వైపు చూపించింది. "ఆయనకి చెప్పండి, నా నాలుక బాగానే ఉందని."

చెప్పాడు. దర్జీ తల దించుకున్నాడు. వేరే సీసా తెస్తానంటే ఆవిడ వద్దని లేచింది.

గల్లాపెట్టె దగ్గర ఓనరు అంతా విన్నాడు. తిట్టలేదు. రేపట్నుంచి బల్లలు సర్దే పని చూసుకోమన్నాడు.

సాయంత్రం ఇంట్లో జరిగిందంతా చెప్పాడు. భార్య బట్టలు మడతపెడుతూ వింది. "పోయిన నెల గ్యాస్ లీకైనప్పుడు నువ్వు వంటింట్లోనే పేపరు చదువుతున్నావు," అంది. "నేను బజారు నుంచి వచ్చేదాకా నీకు తెలియలేదా?"

"తెలియలేదు."

"మన పాప పక్కగదిలో పడుకుని ఉంది."

ఆవిడ మడతపెట్టడం ఆపి అలాగే చూస్తోంది. ఆ కళ్ళలోకి చూసే ముఖం ఆయనకి లేకపోయింది.