నాలుగో చిలకకు నేను కూరిన దూది

ఇన్నేళ్ళూ దీన్ని మోస్తూనే ఉన్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మా ఆయన వాడపల్లి రేవులో పడవలు చేసేవాడు. దసరా వెళ్ళాక కృష్ణ నిండుగా ఉన్నప్పుడు తెరచాప పడవల పందెం జరిగేది. ఆంధ్ర ఒడ్డుకు పోయి తిరిగి రావాలి. ఆ పందెం కోసం ఆయన చేసిన ప్రతి పడవకూ చిలక అనే పేరే. మొదటి చిలక మరీ వెడల్పు, అందరికంటే వెనక వచ్చింది. రెండోదాన్ని సన్నగా చేసి తెరచాప పెంచాడు, అది ఒరిగి మునిగింది. మూడోదానికి పలకలు పలుచగా చెక్కాడు. గెలిచింది. ఆ రోజు నేను వేములపల్లిలో, పుట్టింట్లో, పురిటి నొప్పులు పడుతున్నాను. ఆయన రాలేదు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా మాకింకా నైజాం పాలనే నడుస్తున్న ఏడు, నాలుగో చిలక తయారైంది. ఇంకా సన్నం, ఇంకా పలుచన. ఇది గెలిస్తే ఈయన్ని తన దగ్గరే పెట్టుకుని పడవలు చేయించుకుంటానని అవతలి ఒడ్డు ఆసామి ఒకాయన కబురంపాడు. మా ఆయన ముఖం వెలిగిపోయింది. నన్నూ బిడ్డనూ తీసుకుపోతావా అని నేను అడగలేదు. ఎందుకు అడగలేదు?

పలకల సందుల్లో గుగ్గిలంతో తడిపిన దూది కూరడం నా పని. పడవ ముక్కు దగ్గర ఒక సందులో వదులుగా కూరాను. కావాలనే చేశానా? బిడ్డ ఏడిస్తే మధ్యలో లేచిపోయాను, నిజమే. మళ్ళీ వచ్చి చూశాను, అదీ నిజమే. చూసి, పైన గుగ్గిలం పూసేశాను.

"సందులన్నీ గట్టిగ కూరినవా?" అని అడిగాడు ఆయన.

"కూరిన."

"ఇగ నేను సూసుడెందుకు తియ్. నీ సెయ్యి పడ్డదంటే సుక్క నీళ్ళు రావు."

నడి ఏట్లో నీళ్ళు వచ్చాయి. సగం మునిగిన పడవతో అందరికంటే వెనక ఒడ్డు చేరాడు. విచ్చుకున్న సందును వేలితో తడిమి, "పలకలు మరీ పలుసగ సెక్కిన. నా సెయ్యే తప్పింది" అన్నాడు. అప్పుడు చెప్పాల్సింది. బిడ్డను చంకనెత్తుకుని ఇంటిదారి పట్టాను.

ఆయన మళ్ళీ పడవ జోలికి పోలేదు. కోదాడ వచ్చి బండి చక్రాలు చేశాడు. పొద్దుగూకేసరికి ఇంట్లో ఉండేవాడు. నేను కోరుకున్నది అదే కదా, మరి ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే నాకంత భయం ఎందుకు వేసేది? చక్రం పూర్తయిన ప్రతిసారీ, "ఒకసారి నువ్వు సూడవే, నా సెయ్యి మీద నాకు నమ్మకం లేదు" అని పిలిచేవాడు. నేను చూసి, మంచిగున్నదనేదాన్ని.

పలకలు నిజంగానే పలుచనేమో. నేను గట్టిగా కూరినా విచ్చుకునేవేమో. ఈ మాట పట్టుకునే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. ఇప్పుడు అదీ ఆసరా ఇవ్వడం లేదు.

తన చెయ్యే తప్పిందనుకుంటూనే ఆయన పోయాడు. ఆ సందు వదిలింది నేను. ఈ ఒక్క మాటా ఆయనకు చెప్పాల్సింది, మీకు చెప్పాను.